ముప్కాల్ పంపుహౌసూ, మన ఊపిరితిత్తులూ

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు దాటి నిర్మల్ వైపు పోతూ ఉంటే, బాల్కొండకు దగ్గరలో, పెద్ద రోడ్డు పక్కన ముప్కాల్ అనే ఊరు వస్తుంది. ఆ రోడ్డు మామూలు రోడ్డు కాదు. కాశ్మీరులోని శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. దాని మీద రాత్రింబగళ్లు లారీలు పోతూనే ఉంటాయి. వాటిలో కూచున్నవాళ్లకు ముప్కాల్ అంటే ఒక బోర్డు, నాలుగు చెట్లు, రెండు నిమిషాలు. 2016లో ఈ ఊరు మండల కేంద్రం కూడా అయింది. అయినా ఊరు చూడాలంటే బస్సు దిగాలి గదా! పిల్లలూ, దిగుదాం రండి. పెద్దవాళ్లు కూడా రావచ్చు.

మొట్టమొదట పసుపు చూడాలి. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు పసుపు పంటకు పెట్టింది పేరు. చలికాలం చివర పసుపు తవ్వి, కొమ్ములను నీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాదు మార్కెట్టుకు తోలుతారు. ఈ రోజుల్లో ఆవిరితో ఉడికించే యంత్రాలు వచ్చాయి గాని, వెనక పెద్ద పెద్ద ఇనప కడాయిల్లోనే ఉడికించేవారు. కొమ్ము ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? గడియారం చూసి కాదు. కడాయిలో నురుగు తేలాలి, తెల్లని ఆవిరి లేవాలి, పసుపు వాసన గుప్పున కొట్టాలి. అప్పుడు దించుతారు.

ఆ నురుగు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒట్టి నీళ్లు ఎంత మరిగినా బుడగలు వస్తాయి, పగిలిపోతాయి; నురుగు నిలవదు. కొమ్ముల్లోంచి కొన్ని పదార్థాలు నీటిలోకి దిగి, నీటి పైపొరలో చేరినప్పుడే బుడగలు నిలుస్తాయి. కుంకుడు కాయల రసం నురుగు కూడా ఇటువంటిదే.

చెరుకు రసం కాచేవాళ్లకు దీనికి ఎదురు బాధ. మన జిల్లాలోనే బోధన్ వైపు నిజాంసాగర్ నీళ్లతో చెరుకు విస్తారంగా పండేది. 1930లలో అక్కడ పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ సంగతి తలుచుకుంటే నా వయసు వాళ్లకు మనసు చివుక్కుమంటుంది. చక్కెర మాట అలా ఉంచి, బెల్లం వండే చోటికి పోదాం. రసం కాగి కాగి, నురుగుతో పెనం అంచుదాకా పొంగి వస్తుంది. బెల్లం వండేవాడు కంగారుపడి మంట ఆర్పడు. ఒక చెంచాడు నూనె చల్లుతాడు. పొంగు చప్పున దిగిపోతుంది!

“గింత నూనెకు గంత పొంగు ఎట్ల దిగుతది తాతా?” అని పిల్లలు అడుగుతారు.

“నూనె లోపలికి పోదు బిడ్డా, పైనే పరుచుకుంటది,” అంటాడు ముసలాయన.

పాఠ్యపుస్తకంలో ఇంతకంటె బాగా రాసి ఉండదు. పెనంలో ఉన్న రసమంతా ఒక ఎత్తు, దాని పైపొర ఒక ఎత్తు. ఆ పైపొర మీద ఎవరుంటే వాళ్లదే పెత్తనం.

మీరు ఇంట్లోనే ఈ పెత్తనం చూడవచ్చు. ఒక వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మీద చిటికెడు పసుపు పొడి చల్లండి. పొడి తేలుతుంది. వేలి కొసను సబ్బుతో గాని, కుంకుడు రసంతో గాని తడిపి పళ్లెం నడుమ ఆనించండి. పసుపంతా ఎవరో తరిమినట్టు అంచులకు పరుగెత్తుతుంది. నిజానికి పసుపును ఎవరూ తరమలేదు. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పైపొరలో ఉన్న అణువులకు పైన తోడు లేదు కనక, అవి పక్కలకూ, లోపలికీ లాగబడి ఉంటాయి. అంచేత నీటి పైభాగం బిగించిన గుడ్డలాగా ఉంటుంది. ఈ బిగువునే తలతన్యత అంటారు. సబ్బు తగిలిన చోట బిగువు సడలింది. అంచుల దగ్గర బిగువు అలాగే ఉంది. అంచుల వైపు నీరు పసుపును తనవైపు లాక్కున్నది. అంతే.

ఇప్పుడు చెరువు గట్టు మీదికి పోదాం. గాలి లేని చోట, నిలకడ నీటిమీద, పొడుగు కాళ్ల సన్నని పురుగులు మునగకుండా పరుగెత్తుతూ కనిపిస్తాయి. వాటిని మోసేది కూడా ఆ బిగువే. రెండువందల యాభై ఏళ్ల కిందట అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంగ్లండులో ఇటువంటి చెరువు గట్టు మీదే నిలబడి ఒక చెంచాడు నూనె నీటిలో పోశాడు. అది పరుచుకుని, పరుచుకుని, అర ఎకరం మేర అలలను అణచి, నీటిని అద్దంలాగా చేసిందట. 1774లో ఈ సంగతి అచ్చయింది. చెంచాడు నూనె అర ఎకరం పరుచుకున్నదంటే ఆ పొర ఎంత పల్చగా ఉండి ఉండాలి! ఇంచుమించు ఒక అణువు మందం. తరువాత నూరేళ్లకు పైగా గడిచాక, జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే అమ్మాయి, కాలేజీ మెట్లు ఎక్కకుండానే, వంటింట్లో ఒక రేకు తొట్టి పెట్టుకుని, ఇటువంటి పొరలను అటూ ఇటూ జరిపి నొక్కి కొలవడం నేర్చింది. ఆమె రాసిన ఉత్తరం 1891లో నేచర్ అనే గొప్ప పత్రికలో పడింది. ఈ తొట్టిని జ్ఞాపకం పెట్టుకోండి. దాని తమ్ముళ్లే తరువాత ఊపిరితిత్తుల రహస్యం బయటపెట్టాయి.

ఊపిరితిత్తులకూ చెరువుకూ ఏమిటి సంబంధం అంటారా? ఉన్నది. మన ఊపిరితిత్తులు ఒట్టి సంచులు కావు. గాలి గొట్టం కొమ్మలుగా, రెమ్మలుగా చీలి చీలి, చిట్టచివర ద్రాక్షగుత్తుల్లాంటి గాలిగదులతో ముగుస్తుంది. పెద్దవాళ్లలో ఇవి సుమారు 48 కోట్లు. ఒక్కొక్క గది వెడల్పు మిల్లీమీటరులో అయిదో వంతు. ఈ గదుల గోడలు లోపల ఎప్పుడూ తడిగా ఉంటాయి. అంటే ఒక్కొక్క గదీ నీటి పొరలో చిక్కుకున్న ఒక బుడగ అన్నమాట. నీటి పొర ఏం చేస్తుందో చూశాం గదా? బిగుసుకుంటుంది. బిగుసుకుని గదిని మూసెయ్యాలని చూస్తుంది.

పైగా మరొక చిక్కు. సబ్బు నీళ్లలో బొప్పాయి కాడ ముంచి బుడగలు ఊదినవాళ్లు ఇది వినండి. ఒక గొట్టానికి ఒక కొసన చిన్న బుడగ, రెండో కొసన పెద్ద బుడగ ఊది, మధ్య దారి తెరిస్తే ఏమవుతుంది? రెండూ సమానం అవుతాయని తరగతిలో నూటికి తొంభైమంది చెబుతారు. అలా జరగదు. చిన్నది ఇంకా చిక్కి, తన గాలంతా పెద్దదానికి ఇచ్చి మాయమవుతుంది. బుడగ ఎంత చిన్నదైతే లోపలి ఒత్తిడి అంత ఎక్కువ. ఊపిరితిత్తులలో ఉన్నది ఒట్టి నీరే అయితే, మనం ఊపిరి విడిచిన ప్రతిసారీ చిన్న గదులు మూసుకుపోవాలి. మళ్లీ తెరవాలంటే, తడిసి అతుక్కున్న పలచని గుడ్డ సంచిని ఊది ఉబ్బించినంత కష్టం. రోజుకు ఇరవై వేలసార్లు ఈ కష్టం ఎవరు పడగలరు?

స్విట్జర్లండులో కర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ అనే వైద్యుడు 1929లో ఒక చక్కని పరీక్ష చేశాడు. ఊపిరితిత్తులను గాలితో ఉబ్బించి చూశాడు. తరువాత నీటిలాంటి ద్రవంతో నింపి చూశాడు. ద్రవంతో నింపడం ఎంతో తేలిక అయింది. లోపల గాలి లేకపోతే నీటికి పైపొర లేదు, బిగువూ లేదు. అంటే ఊపిరి పీల్చడంలో మనం పడే శ్రమలో పెద్ద భాగం ఆ బిగువుతో పోరాటమే. ఇంత గొప్ప మాట చెప్పినా పాతికేళ్ల పాటు ఎవరూ పట్టించుకోలేదు. 1955లో ఇంగ్లండులో రిచర్డ్ పాటిల్ ఊపిరితిత్తుల నుంచి వచ్చిన నురుగులో బుడగలు చిక్కిపోకుండా చాలాసేపు నిలిచి ఉండడం గమనించాడు. 1957లో అమెరికాలో జాన్ క్లెమెంట్స్ ఆ పదార్థాన్ని తొట్టిలో పరిచి, నొక్కి, బిగువు ఎంత పడిపోతున్నదో కొలిచాడు. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ, జీర్ మీడ్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి, నెలలు నిండక ముందే పుట్టి ఊపిరాడక చనిపోయిన పసిబిడ్డల ఊపిరితిత్తులు పరీక్షించి, వాటిలో ఈ పదార్థం కొరవడిందని చూపించింది. అంతకు ముందు వైద్యులు ఆ పిల్లల గాలిగదుల్లో అడ్డుగా ఉన్న ఒక పొరను చూసి, అదే జబ్బు అనుకుంటూ వచ్చారు. ఉండకూడనిది ఉండడం కాదు, ఉండవలసినది లేకపోవడమే జబ్బు అని ఆమె కనిపెట్టింది. ఆ పదార్థం పేరు సర్ఫాక్టెంట్.

ఇక చెరువు గట్టు దిగి గోదావరి వైపు నడుద్దాం. ముప్కాల్‌కు ఉత్తరాన కొద్ది దూరంలోనే పోచంపాడు ఆనకట్ట ఉంది. శ్రీరాంసాగర్ అంటున్నది దాన్నే. 1963 జూలై 26న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేశారు. సరిగ్గా పన్నెండు రోజులకు, ఆగస్టు 7న, అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంట ఒక మగబిడ్డ అయిదున్నర వారాలు ముందుగా పుట్టాడు. ప్యాట్రిక్ అని పేరు పెట్టారు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశపు అధ్యక్షుడి బిడ్డ. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చారు. బిడ్డ 39 గంటలు మాత్రం బతికాడు. జబ్బు ఫలానా అని తెలుసు, లోటు ఫలానా అని నాలుగేళ్ల కిందటే తెలిసింది. ఆ లోటు పూడ్చే మందు మాత్రం ఇంకా ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఆ మందు చెయ్యడం ఎందుకు అంత కష్టమైంది? సర్ఫాక్టెంటులో నూటికి తొంభై పాళ్లు కొవ్వు పదార్థాలు, అంటే లిపిడ్లు. మిగతావి మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. కొవ్వులలో ముఖ్యమైనదాని పేరు డైపామిటాయిల్ ఫాస్ఫటిడిల్ కోలీన్. ఈ పేరు ఒక్క గుక్కలో తప్పు లేకుండా చదివిన కుర్రవాడికి నా బడిలో అయితే కొత్త పెన్సిలు ఇచ్చేవాణ్ణి. దాని అణువుకు నీరంటే ఇష్టపడే తల ఒకటి, నీరంటే గిట్టని తోకలు రెండు. తల నీటిలో, తోకలు గాలిలో పెట్టి నిలబడుతుంది. ఆ తోకలు కర్రల్లాగా తిన్నగా ఉంటాయి. మనం ఊపిరి విడిచి గాలిగది చిన్నదైనప్పుడు ఈ అణువులు పక్కపక్కనే బిగ్గరగా సర్దుకుని గట్టిపడతాయి. నీటి అణువులకు పైన చోటే మిగలదు. ఒట్టి నీటి బిగువు 70 అనుకుంటే, అప్పుడది రెండుకు లోపు పడిపోతుంది! గది మూసుకోదు.

అయితే అన్నీ ఇటువంటి అణువులే ఉంటే ఏం? చలికాలం పొద్దున్న వంటింట్లోకి వెళ్లి చూడండి. నెయ్యి పేరుకుని ఉంటుంది, నువ్వుల నూనె కారుతూ ఉంటుంది. నేతిలో తిన్నని తోకలు ఎక్కువ, నూనెలో వంకర తోకలు ఎక్కువ. మన ముఖ్యమైన కొవ్వు నేతి జాతిది. 41 డిగ్రీల దాకా కరగదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలే. అంచేత అది గట్టిగా నిలుస్తుంది గాని, ఊపిరి పీల్చి గది పెద్దది కాగానే చప్పున పరుచుకోలేదు. సర్ఫాక్టెంటులోని మిగతా కొవ్వులలో చాలా భాగం నూనె జాతివి. అవి చకచకా పరుచుకుంటాయి గాని, నొక్కితే నిలవవు, పొరలోంచి జారిపోతాయి. ఒకరికి గట్టితనం ఉంది, చురుకు లేదు. మరొకరికి చురుకు ఉంది, గట్టితనం లేదు. వీళ్లిద్దరినీ కలిపి పని చేయించడానికి మేస్త్రీలు కావాలి. ఆ మేస్త్రీలే ప్రోటీన్లు.

సర్ఫాక్టెంటులో నాలుగు ప్రోటీన్లు ప్రత్యేకమైనవి. ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టారు. పేర్లు పెట్టడంలో శాస్త్రజ్ఞులు మరీ ఇంత పిసినారులేమిటో! ఎ, డి పెద్దవి. ముఖ్యంగా గాలితో వచ్చే సూక్ష్మజీవులను పట్టుకునే కావలివాళ్లు. బి, సి చాలా చిన్నవి. రెండూ కలిపినా సర్ఫాక్టెంటులో నూటికి రెండు మూడు పాళ్లకు మించవు. అసలు పొర పనిలో చెయ్యి పెట్టేవి ఇవే.

అవి చేసే పని మాటల్లో చెబితే పట్టుబడదు. అందుకే మిమ్మల్ని ఇంత దూరం నడిపించాను. అదిగో వరద కాలువ! గోదావరికి వరద వచ్చినప్పుడు శ్రీరాంసాగర్‌లో మిగిలిపోయే నీటిని మిడ్ మానేరు వైపు తీసుకుపోవడానికి తవ్విన కాలువ ఇది. పొడుగు సుమారు 122 కిలోమీటర్లు. 2017లో శ్రీరాంసాగర్ పునరుజ్జీవ పథకం అని ఒకటి మొదలుపెట్టారు. దాని ఉద్దేశం ఏమిటంటే, పైనుంచి నీరు రాని ఏడు, ఇదే కాలువలో నీటిని ఎదురు నడిపించి మళ్లీ శ్రీరాంసాగర్‌లో పొయ్యడం. అందుకు రాంపూర్, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ అనే మూడు చోట్ల పంపుహౌసులు కట్టారు. అన్నిటికంటె చివరిది, జలాశయం గుమ్మంలో ఉన్నది, మన ముప్కాల్‌దే. కాలువ ఒక్కటే. ఎక్కువైనప్పుడు నీరు బయటికి, తక్కువైనప్పుడు నీరు లోపలికి.

ఊపిరితిత్తుల పొర కూడా ఇలాగే బతుకుతుంది. ఊపిరి విడిచినప్పుడు గది చిన్నదై, పొర ఇరుకు పడుతుంది. పొరలో ఎక్కువైన అణువులు కిందికి నెట్టబడి, మడతలు పడి, నీటిలో నిలవ ఉంటాయి. అవి కొట్టుకుపోతే మళ్లీ ఊపిరి పీల్చేటప్పుడు పొర చిరిగి, కింద ఒట్టి నీరు బయటపడుతుంది. కొట్టుకుపోకుండా మడతలను పైపొరకు అతికించి పట్టుకునేది ముఖ్యంగా బి ప్రోటీను. దానికి ధన విద్యుదావేశం ఉంది. కొవ్వులలో కొన్నిటికి ఋణ విద్యుదావేశం ఉంది. అంచేత రెండూ అంటుకుంటాయి. బి ఒక వైపు పైపొరనూ, రెండో వైపు కింది మడతనూ పట్టుకుని రెండింటినీ జత చేస్తుంది. సి ప్రోటీను సూదిలాంటిది. కొవ్వు పొరలో నిలువునా గుచ్చుకుని ఉంటుంది. జారిపోకుండా దానికి రెండు కొవ్వు తోకలు కూడా కట్టి ఉన్నాయి. మనం ఊపిరి పీల్చగానే ఈ రెండూ కలిసి మడతల్లోని అణువులను క్షణంలో పైకి పంపి పొరను నింపుతాయి. బి, సి లేకుండా కొవ్వులను నీటిలో కలిపితే, అవి నీటిలో ముద్దలుగా తిరుగుతూ ఉంటాయి గాని పైపొరకు చేరడానికి చాలాసేపు పడుతుంది. బిడ్డ అంతసేపు ఊపిరి బిగపట్టుకుని ఉండలేడు గదా!

పోలిక కొంతవరకే చెల్లుతుందని కూడా చెప్పాలి. ముప్కాల్ పంపులకు కరెంటు కావాలి. ప్రోటీన్లకు కరెంటు లేదు, మోటారు లేదు. మన ఛాతీ కదలికే వాటికి బలం.

బి ప్రోటీను ఎంత అవసరమో ఒక దుఃఖకరమైన సంగతి వల్ల తెలిసింది. కొందరు బిడ్డలు నెలలు నిండి, మంచి బరువుతో పుడతారు. కాని పుట్టిన కొద్ది గంటల్లోనే ఊపిరాడక తల్లడిల్లుతారు. వంశపారంపర్యంగా వచ్చిన లోపం వల్ల వాళ్ల ఒంట్లో బి ప్రోటీను తయారు కాదని 1993లో కనిపెట్టారు. ఇటువంటి బిడ్డలు చాలా అరుదు. కొవ్వులు ఉండి కూడా వాళ్ల పొర నిలవదు.

మందు చేసినవాళ్లకూ ఇదే అనుభవం. జపానులో తెత్సురో ఫుజివారా అనే డాక్టరు ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంటును పదిమంది పసిబిడ్డలకు ఇచ్చి మేలు కలిగిందని 1980లో ప్రకటించాడు. పదేళ్లకు, 1990లో, అమెరికాలో మొట్టమొదట అనుమతి పొందిన మందు పూర్తిగా కృత్రిమమైనది. దానిలో ముఖ్యమైన కొవ్వు ఉంది. బి, సి లేవు, వాటికి బదులు వేరే రసాయనాలు కలిపారు. అది చాలామంది బిడ్డలను బతికించింది. అయినా తరువాత దానికీ, బి, సి ఉన్న ఆవు, పంది సర్ఫాక్టెంట్లకూ పోటీ పెట్టి చూస్తే, ఇవే త్వరగా పని చేశాయి. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది ఇటువంటివే.

పొద్దు వాలుతున్నది. మళ్లీ పెద్ద రోడ్డు మీదికి వచ్చాం. అలా సైరను మోగిస్తూ ఆర్మూరు వైపు పోతున్నదే, అది 108 బండి. 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బండ్లు మొదలయ్యాయి. లోపల ఎవరున్నారో మనకు తెలియదు. ఏడో నెలలోనే నొప్పులు మొదలైన తల్లి కావచ్చు. బిడ్డ ఊపిరితిత్తులు సర్ఫాక్టెంటును ఇరవై నాలుగో వారం ప్రాంతంలో తయారుచెయ్యడం మొదలుపెట్టి, ముప్పై అయిదో వారానికి గాని సరిపడా కూడబెట్టవు. అంచేత ముందుగా నొప్పులు వస్తే ఇంట్లో కూచుని రేపు చూద్దాంలే అనకూడదు. పెద్దలు ఈ మాట ప్రత్యేకంగా చదవాలి. సకాలంలో ఆసుపత్రి చేరితే, కాన్పుకు ముందే తల్లికి ఇచ్చే ఒక స్టెరాయిడు ఇంజెక్షను కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులను తొందరగా పక్వానికి తెస్తుంది. ఈ సంగతి న్యూజిలాండులో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు డాక్టర్లు 1972లో రుజువు చేశారు. అందులో ఒకాయనకు మొదట దారి చూపినవి గొర్రెపిల్లలు.

అప్పటికీ బిడ్డ ఊపిరికి కష్టపడితే, సన్నని గొట్టంతో సర్ఫాక్టెంటును నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోస్తారు. చూడడానికి పలచని పాలలాగా తెల్లగా ఉంటుంది. చాలాసార్లు, పోసిన కొద్ది నిమిషాల్లోనే, నీలంగా ఉన్న బిడ్డ ఎర్రబడడం నర్సులు చూస్తారు. కిలో బరువున్న బిడ్డకు ఒకసారి పోసే మందు ఒక చెంచాడుకు మించదు.